తినమని చెప్పే ఉద్యోగం

అంగన్‌వాడీ సూపర్‌వైజర్లుగా కొత్తగా చేరబోయే అమ్మాయిలు అప్పుడప్పుడూ మదనపల్లెలో మా ఇంటికి వస్తుంటారు. ఎవరో చెప్పి పంపుతారు, ఆమె ఈ పనిలోనే తల నెరిసి రిటైరయింది, పోయి అడగండి అని. ఏ మండలంలో బస్సులు బాగుంటాయి, మీటింగులో ఏం మాట్లాడాలి, పై అధికారులతో ఎట్లా మెలగాలి, ఇవే అడుగుతారు. తెలిసింది చెప్పి, కాఫీ ఇచ్చి పంపుతాను. వాళ్లు గేటు దాటాక మాత్రం అసలు సంగతి ఒక్కటీ చెప్పలేదన్న బాధ మిగిలిపోతుంది. కొత్త చీర కట్టుకుని, స్వీటు పాకెట్టు పట్టుకొచ్చిన పిల్ల మొహం చూస్తూ ఆ మాటలు ఎట్లా చెప్పేది? అందుకే రాస్తున్నాను. చదివాక ఎవరన్నా ఈ ఉద్యోగం వద్దనుకుంటే నేనేమీ అనుకోను.

పని అంటే ఏమిటి

నా పని జనాన్ని సరిగ్గా తినమని చెప్పడం. మిగతావన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే. ప్రభుత్వం ఒక బొమ్మ తయారు చేసి ఇస్తుంది. అందులో ఒక కంచం ఉంటుంది. కంచంలో అన్నం కొంచెం, పప్పు, ఆకుకూర, ఇంకో కూర, గుడ్డు, పక్కన పాలో పెరుగో, ఒక పండు. ఆ బొమ్మను సంచిలో చుట్టి పెట్టుకుని, బస్సెక్కి, దిగి, నడిచి, గర్భిణులనూ బాలింతలనూ చిన్నపిల్లల తల్లులనూ కూర్చోబెట్టి దాన్ని విప్పి చూపించాలి. కాలంతోపాటు బొమ్మ మారింది. మొదట్లో గుడ్డ మీద రంగులేసిన బొమ్మ, తర్వాత ప్లాస్టిక్ షీటు, చివరికి సెల్‌ఫోన్లో వీడియో. కంచం మాత్రం అదే.

ఆ బొమ్మలో తప్పు లేదు. ఇది ముందే చెప్పాలి. రక్తం తక్కువైన మనిషికి ఏం కావాలో, ఎదిగే బిడ్డకు ఏం కావాలో అందులో సరిగ్గానే ఉంటుంది. దాన్ని తయారు చేసినవాళ్లు చదువుకున్నవాళ్లు, మంచి ఉద్దేశంతో చేసినవాళ్లు. నేను పని చేసిన ఇన్నేళ్లలో ఏ పల్లెలోనూ ఆ కంచాన్ని చూసి 'ఇది మాకొద్దు' అన్న మనిషి లేదు. నన్ను ఓడించింది ఎదురు చెప్పినవాళ్లు కాదు. అందరూ ఒప్పుకున్నారు. అదే నాకు పెద్ద దెబ్బ.

నా మొదటి పోస్టింగు పుంగనూరు పక్క పల్లెల్లో. చేరిన కొత్తలో ఒక ఊళ్లో అరగంట సేపు పప్పుల గురించి, ఆకుకూరల గురించి గొంతెండేలా చెప్పాను. వెనక గోడకానుకుని కూర్చున్న ఒక ముసలామె చివరిదాకా కదలకుండా విని, లేస్తూ నా భుజం మీద చెయ్యేసింది.

"శానా బాగా చెప్తివి మ్మా. వింటాంటేనే ఆకలయితాండాది," అంది.

మెచ్చుకుందనుకుని నవ్వాను. బస్సులో కూర్చున్నాక గానీ ఆ మాట నాకు సరిగ్గా వినపడలేదు.

శ్రీమంతం రోజు

పుంగనూరులో ఉండగానే మాకొక కొత్త అధికారి వచ్చాడు. పేరు అక్కర్లేదు. చెడ్డవాడు కాదు. లంచం ముట్టుకోడు, ఎవరినీ ఒక తప్పు మాట అనడు. ఆయనకు ఒకటే జబ్బు, ఫొటో. ఏ కార్యక్రమమైనా ఫొటోలో బాగుండాలి. పైవాళ్లు అడిగేదీ అదే కాబట్టి ఆయన్ను అని లాభం లేదు.

పౌష్టికాహారం మీద వారోత్సవాలు జరపాలని ఉత్తర్వు వచ్చింది. చుట్టుపక్కల పల్లెల నుంచి గర్భిణులను ఒక కల్యాణమండపానికి పిలిపించి అందరికీ కలిపి శ్రీమంతం చేద్దామన్నాడు. గాజులు, పసుపు కుంకుమ, ఒక్కొక్కరి ముందు ఒక పళ్లెం, పళ్లెంలో అరటిపళ్లు, దానిమ్మ, ఖర్జూరాలు, ఉడికించిన గుడ్డు, మొలకెత్తిన పెసలు. స్టేజీ ముందు పప్పులతో, రాగులతో, జొన్నలతో పెద్ద ముగ్గు. దాన్ని వేయడానికి అంగన్‌వాడీ టీచర్లు పొద్దుటి నుంచీ వంగిన నడుములు ఎత్తలేదు. ముగ్గు నిజంగానే బాగుంది.

గర్భిణులు మొదటి బస్సులకే వచ్చేశారు. కొందరు ఇంట్లో సద్ది కూడా తాగకుండా వచ్చారు, శ్రీమంతమంటే భోజనం ఉంటుందని. ముఖ్య అతిథి పది గంటలకు వస్తానన్నాడు. పది దాటింది, పన్నెండు దాటింది. మండపంలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ అది ఎండాకాలం. పళ్లాల ముందు కూర్చున్న ఆడవాళ్లు పళ్లాలనే చూస్తున్నారు.

నేను ఆయన దగ్గరికి పోయి, "సార్, పళ్లన్నా తిననిద్దాం. మళ్లీ తెప్పిస్తే పోతుంది గదా," అన్నాను.

"అతిథి బయల్దేరాడమ్మా, దారిలో ఉన్నాడు. ఆయన వచ్చే టైముకు ఎంగిలి పళ్లాలు కనపడితే బాగుంటుందా? ఇంకొక్క పది నిమిషాలు ఓర్చుకోమని చెప్పు," అన్నాడు. బతిమాలుతున్నట్టే అన్నాడు.

రెండో వరుసలో రెడ్డెమ్మ అని ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఏడో నెల. సన్నగా, మెడ ఎముకలు కనపడేలా ఉంటుంది. చూస్తుండగానే పక్కకు ఒరిగిపోయింది. పళ్లెం తగిలి దానిమ్మ పండు దొర్లుకుంటూ వెళ్లి ముగ్గులో పడింది. నీళ్లు చల్లాం, విసిరాం. కళ్లు తెరిచాక ఆమె పళ్లెంలోనే ఉన్న అరటిపండు ఒలిచి నోట్లో పెట్టాను. ఆమె నమలడం చూసి పక్కనామె తన పళ్లెంలోంచి ఒక పండు తీసుకుంది. తర్వాత ఆ వరుసంతా తీసుకున్నారు.  మండపమంతా నమిలే చప్పుడు.

అతిథి వచ్చేసరికి తొక్కలు మిగిలాయి. ఆయన ఏమీ అనుకోలేదు, పావుగంట మాట్లాడి, గర్భిణీ స్త్రీలు ఆకలితో ఉండకూడదు, వేళకు తినాలి అని చెప్పి వెళ్లిపోయాడు. మా అధికారి మాత్రం నావైపు చూడలేదు. కొన్ని నెలలకు నన్ను కుప్పం వైపు వేశారు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నేను ఎప్పుడూ అడగలేదు.

ఆ సాయంత్రం ముగ్గు ఊడ్చారు. పప్పులూ రాగులూ రంగుపొడితో కలిసిపోయి ఎందుకూ పనికిరాకుండా పోయాయి.

మంజుల

కుప్పం వైపు నాకిచ్చిన పల్లెల్లో రామకుప్పం దాటి అడివి అంచున ఉండే ఊళ్లు కూడా ఉన్నాయి. రాగులు, అనపకాయలు, కొద్దిగా కూరగాయలు పండుతాయి. పంట చేతికొచ్చే కాలానికి అడివిలోంచి ఏనుగులు దిగుతాయి. ఇటు తిరిగితే కన్నడం, అటు తిరిగితే తమిళం. తెల్లారేసరికి కుప్పం నుంచి రైలెక్కి బెంగళూరుకు కూలికి పోయేవాళ్లు ఇంటికొకరుంటారు.

ఆ ఊళ్లలో ఒకదానిలో పాపమ్మ అనే ఆమె ఇంటికి కొత్త కోడలు వచ్చింది. పేరు మంజుల. పాపమ్మ కొడుకు గోవిందప్ప. కొద్దిగా భూమి ఉంది, వానమీద రాగులు వేస్తారు. నేను మొదటిసారి చూసినప్పుడు మంజులకు నాలుగో నెల. కింది కనురెప్ప లాగి చూస్తే తెల్లగా సున్నం కొట్టినట్టుంది. అంగన్‌వాడీ కేంద్రానికి వచ్చి భోజనం చేయమని టీచరు ఎన్నిసార్లు పిలిచినా రాలేదట. ఇంటికే పోయాను.

పాపమ్మ సంగటి కెలుకుతోంది. నన్ను చూసి పీట వేసింది. బొమ్మ విప్పకుండా, కోడలు ఏం తింటోందని అడిగాను.

"అందురం తినేదే తింటాది. సంగటి, ఊరిబిండి," అంది. ఊరిబిండి అంటే చెనక్కాయలు వేసి నూరిన కారం.

"ఎంత తింటాది?"

"కావల్సినంత తింటాది."

మంజుల తలుపు వెనక నుంచి చూస్తోంది. ఆ పిల్ల ముద్దలో సగమే తింటుందని టీచరు నాకు ముందే చెప్పింది. అదే అడిగాను. పాపమ్మ తెడ్డు పక్కన పెట్టింది.

"అవును, నేనే సగం పెడతాండాను. ఎక్కువ తింటే కడుపులో బిడ్డ పెద్దదయిపోతాది మ్మా. బిడ్డ పెద్దదయితే కానుపు కష్టం. కష్టమయితే ఈడనించి ఆస్పత్రికి యాడ పోయేది? నడిజామున నొప్పులొస్తే ఆటో వానికి ఫోన్ చేస్తే ఏనుగులుండాయి రానంటాడు. నువ్వొస్తావా? నేను తక్కువ తినబట్టే అయిదు మందిని కంటి."

"ఇప్పుడెంతమంది ఉండారు పాపమ్మా?"

ఆమె నావైపు చూసి, పొయ్యివైపు తిరిగింది.

"ఇద్దురు," అంది.

 చదువుకునేటప్పుడు ఇట్లాంటివాటిని మూఢనమ్మకాలనే పాఠంలో చదివాం. ఆమెది మూఢనమ్మకం కాదు. ఆస్పత్రి లేని చోట ఆమెకు చేతనైన జాగ్రత్త అది. బిడ్డ చిన్నదైతే తల్లి బతుకుతుందని ఆమె లెక్క. ఆ లెక్క తప్పని చెప్పాలంటే ముందు ఆటో వస్తుందని నమ్మకం ఇవ్వాలి. అది నా సంచిలో లేదు.

అయినా పోతూ వచ్చాను. ఆ ఊరికి డ్యూటీ పడ్డప్పుడల్లా ఆ ఇంటికి పోయి కూర్చునేదాన్ని. రోడ్డు పక్కన ఉండే ఒక ఆటో అతనితో గోవిందప్ప ముందే మాట్లాడి పెట్టాడు, ఏ వేళయినా వస్తానని ఒప్పించాడు. ఆ మాట అయ్యాకే పాపమ్మ మెత్తబడింది. కోడల్ని తానే కేంద్రానికి తీసుకొచ్చి, ఎదురుగా కూర్చుని, అన్నం పప్పు గుడ్డు తినేదాకా చూసి తీసుకుపోయేది. మొదటి కానుపు పగటిపూటే అయింది. ఆడపిల్ల. చిన్నదే గానీ గట్టి బిడ్డ.

ఇక్కడ ఒక మాట. ఇన్నేళ్లలో పని చేసినట్టు నాకు కళ్లారా కనపడింది ఇదొక్కటే, వండిన అన్నం ఎదురుగా కూర్చోబెట్టి తినిపించడం. ఇంటికి ఇచ్చి పంపిన సరుకు ఇంటిల్లిపాదికీ పోతుంది, పోవాలి కూడా. ఆకలి ఇంట్లో ఒక్కరికే ఉండదు. పక్కనున్న పిల్లవాడికి పెట్టకుండా తల్లి గుడ్డు తినదు. తింటుందని అనుకునేవాళ్లకు ఇంకా ఇల్లు తెలియదు.

పెరటి తోట

ఆ రోజుల్లో పెరటి తోటలు పెట్టించమని మాకు చెప్పారు. ఇంటి పక్కన నాలుగు రకాల ఆకుకూరలు, రెండు పళ్ల చెట్లు ఉంటే కొనే పని లేకుండా కంచం నిండుతుందని. అది నాకు నచ్చింది. పాపమ్మ ఇంటి వెనక బట్టలుతికే బండ దగ్గర నీళ్లు ఊరికే పారిపోతుండేవి. ఆ నీళ్లు మళ్లించి బొప్పాయి, అరటి, మునగ, సొరపాదు, గుమ్మడి, తోటకూర పెట్టాం. విత్తనాలు నేను తెచ్చాను, గుంతలు గోవిందప్ప తవ్వాడు. కంచె పాపమ్మ కట్టింది.

ఏడాదిన్నరకు ఆ పెరడు చూసేదానికి ముచ్చటగా తయారైంది. పాపమ్మకు గర్వం. నేను పోగానే చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్లేది.

"సూడు మ్మా, ఈ గెల సూడు. సంతలో అడిగినారు, ఇయ్యనంటి. నా మనమరాలు తినల్ల అంటి."

మంజుల మొహంలో రక్తం కనపడింది. మళ్లీ నెల తప్పినప్పుడు కనురెప్ప లాగి చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరైనా పెద్ద అధికారి వస్తే ఆ ఇంటికే తీసుకుపోయేవాళ్లం. ఈ ఉద్యోగంలో నేను మనసారా సంతోషంగా ఉన్న కాలం అదే. అప్పుడు నాకు నిజంగా అనిపించింది, బొమ్మలో ఉన్న కంచం ఒక ఇంట్లోకి వచ్చిందని.

రాగులు కోతకొచ్చిన రోజుల్లో ఏనుగులు దిగాయి. ఎప్పుడూ చేలల్లో తిని పోయేవి. ఆసారి ఊళ్లోకి వచ్చాయి. పొద్దున టీచరు ఫోన్ చేస్తే దొరికిన బస్సెక్కి పోయాను. పెరట్లో నిలబడటానికి చోటు లేదు. అరటి చెట్లు మొదళ్లతో సహా పీకేసి ఉన్నాయి, బొప్పాయి నడిమికి విరిగి ఉంది. గుమ్మడి పాదులు బురదలో తొక్కేసి ఉన్నాయి. అరటి కోసం తోసుకుంటూ వచ్చి వంటగది గోడ కూల్చేశాయి. గోడ అవతలే మంజుల, బిడ్డ పడుకుని ఉన్నారు. మట్టి వాళ్ల మీద పడింది తప్ప దెబ్బలు తగల్లేదు. బిడ్డ ఇంకా ఏడుస్తూనే ఉంది.

చేలో రాగులు కూడా మిగల్లేదు.

కాసేపటికి అటవీ శాఖ మనుషులు ఇద్దరు చూసిపోయేదానికి వచ్చారు. వాళ్లలో పెద్దాయన పెరడంతా చూసి గోవిందప్పను కోప్పడ్డాడు.

"ఇంటి పక్కన ఎవురన్నా అరిటి పెడతారాప్పా? వాసనకు రాకుండా ఉంటాయా? యాల పెట్టినారు ఇవన్నీ?"

గోవిందప్ప నావైపు చూడలేదు. చూడకూడదని చూడలేదు, నాకు తెలుసు.

"గవుర్మెంటోళ్లు పెట్టమన్యారు సార్," అన్నాడు నేలచూపులు చూస్తూ.

"ఏ గవుర్మెంటోళ్లు?" అన్నాడు ఆయన.

నేనే ముందుకొచ్చి చెప్పాను. ఆయన మర్యాదస్తుడు, నన్నేమీ అనలేదు. "మీరు చెప్పేది మంచిదే మేడం. ఈ ఊళ్లలో మాత్రం చెప్పొద్దండి," అన్నాడు. ఆయన చెప్పిందీ నిజమే, నేను చెప్పిందీ నిజమే. ఇద్దరం ఒకే ప్రభుత్వం జీతం తింటున్నాం. ఆ రెండు నిజాల మధ్య ఆ కుటుంబం ఎక్కడ నిలబడాలో ఎవరి దగ్గరా కాగితం లేదు. పెరటి తోట పెట్టమనడం తప్పా అని నన్ను చాలామంది అడిగారు. తప్పు కాదు. అది చెప్పినవాళ్లకు ఈ అడివి అంచు ఊరు కనపడలేదు, అంతే. కనపడినా ఏం చేసేవాళ్లో తెలియదు.

మునగ చెట్టు ఒక్కటి ఏనుగులు వదిలేశాయి. పాపమ్మ కొడవలి తీసుకుని దాన్ని కూడా కొడుతోంది.

"దాన్నన్నా ఉంచు పాపమ్మా," అన్నాను.

"ఏదీ వద్దు మ్మా. తినకపోతే రోంత నీరసంగా బతుకుతాం. అవి మళ్లా వస్తే బతకం," అంది. కొట్టడం ఆపలేదు.

బెంగళూరు

నష్టపరిహారం రాగులకు రాసుకున్నారు, అది ఎప్పుడొస్తుందో తెలియదు. పెరడు పంట కిందికి రాదు. గోడ కట్టుకోవాలి, తినాలి. గోవిందప్ప మంజులను, బిడ్డను తీసుకుని బెంగళూరుకు బిల్డింగు పనికి పోయాడు. అప్పటికి మంజులకు అయిదో నెల. నేను ఆపాలని చూశాను. "ఈడుండి ఏం తినేది మేడం?" అని మంజులే అడిగింది. ఆ పిల్ల నాతో ఎదురు మాట్లాడింది అదొక్కసారే, అది కూడా ఎదురు మాట కాదు.

అక్కడ రేకుల షెడ్డు. అక్కడి కేంద్రాల్లో ఆమె పేరు లేదు. ఇక్కడి కేంద్రంలో పేరుంది, మనిషి లేదు. పేరున్న చోటికే గుడ్డు వస్తుంది. నేను అక్కడ ఎవరెవరికో ఫోన్లు చేశాను, తెలిసిన వాళ్లను అడిగాను. చేరుస్తామన్నారు. వాళ్లు చేర్చేలోపు ఆ బిల్డింగు పని అయిపోయి ఇంకో చోటికి మారిపోయారు.

అప్పుడప్పుడు ఫోన్ చేసేదాన్ని.

"ఏం తింటాండావు మంజులా?"

"తింటాండాను మేడం."

"ఏం తింటాండావమ్మా?"

"పొద్దున టీ, బన్ను. మధ్యాన్నం అన్నం, రసం."

"ఆకుకూర?"

"సందకాడ పని దిగేతాలికి పొయ్యి ముట్టించేదానికే ఓపిక ఉండదు మేడం. మాత్రలు మింగుతాండాను. మీరేం బాధపడొద్దండి."

నన్ను ఆమె ఓదార్చడం. 

ఎనిమిదో నెలలో కానుపుకని రైల్లో వచ్చింది. స్టేషన్లో దిగేసరికే కాళ్లు వాచి, ఒళ్లంతా తెల్లగా పాలిపోయి ఉందట. ఇల్లు చేరిన వారం లోపలే నొప్పులొచ్చాయి. ఆటో వచ్చింది, అది చెప్పుకోవాలి. ఆటో అతను మాట తప్పలేదు. దగ్గరి ఆస్పత్రిలో బిడ్డ పుట్టాడు, మగపిల్లవాడు. రక్తం పోవడం ఆగలేదు. ఒంట్లో ఉన్నదే తక్కువ, పోతే తట్టుకునేదేముంది? పెద్దాస్పత్రికి పంపారు. దారిలోనే మంజుల పోయింది.

నేను చేరేసరికి ఇంటి ముందు జనం పలుచబడ్డారు. గోవిందప్ప గోడ కూలిన చోట కూర్చుని ఉన్నాడు. ఆ గోడ ఇంకా కట్టనే లేదు. పాపమ్మ ఒళ్లో గుడ్డలో చుట్టిన బిడ్డ. పెద్దపిల్ల ఆమె కొంగు పట్టుకుని నిలబడింది. నేను పక్కన కూర్చున్నాను. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

పాపమ్మ బిడ్డ మొహం మీద ఈగను తోలి, నన్ను అడిగింది.

"వీనికేం పెట్టల్ల మ్మా?"

చెప్పాను. ఏ పాలు, ఎట్లా కాచి చల్లార్చాలి, గిన్నె ఎట్లా కడగాలి, ఎన్నో నెలకు ఏం మొదలుపెట్టాలి. అన్నీ వరసగా చెప్పాను. ఆమె ఒక్కొక్క మాటకూ "అట్లే మ్మా" అంటూ వింది. నా దగ్గర ఉన్నది అదే, ఆమె అడిగిందీ అదే. ఆ రోజు తర్వాత ఆ బొమ్మను నేను ఏ ఊళ్లో విప్పినా నా మాట నాకే పరాయి మనిషి మాటలా వినపడేది.

పిల్లవాడు బతికాడు. వయసుకు తగ్గ ఎత్తు లేడు, బడికి పోతున్నాడు. ఇంతకంటే మంచి కబురు చెప్పలేను.

మదనపల్లె

చివరి ఏళ్లు సొంత ఊరు మదనపల్లెలో పని చేశాను. సుఖంగా ఉంటుందనుకున్నాను. ఇక్కడ ఆకలి వేరే రకంగా ఉంది. కడుపు నిండుతుంది, ఒళ్లు నిండదు. ధర పడిపోయిన రోజుల్లో టమోటాలు రోడ్డు పక్కన కుప్పలుగా పోసి పోతారు, ఆవులు తిని తిని మొహం తిప్పుకుంటాయి. ఆ టమోటాలు ఏరే కూలికని తంబళ్లపల్లె వైపు నుంచి బస్సులో వచ్చే ఆడవాళ్లు మధ్యాహ్నానికి టీలో బిస్కెట్లు ముంచుకు తింటారు. వాళ్ల పిల్లల చేతుల్లో నూనె కారే చిప్సు పాకెట్లు.

ఇప్పుడు ప్రభుత్వం కొత్త సలహాలు ఇస్తోంది. నూనె తగ్గించండి, చక్కెర తగ్గించండి, ఉప్పు తగ్గించండి, చిరుధాన్యాలు తినండి. ఇవి కూడా మంచివే. పట్టు దారం తీసే ఒక షెడ్డులో పని చేసే నసీమాకు ఈ సలహా చెప్పాల్సి వచ్చింది. ఆమెకు షుగరు. కాళ్లకు తిమ్మిర్లు. వేడినీళ్లలో చేతులు పెట్టి పొద్దస్తమానం పట్టుగూళ్ల దారం తీస్తుంది. అన్నం తగ్గించి రాగులు, జొన్నలు తినమన్నాను.

ఆమె నవ్వింది. దక్కనీ ఉర్దూలో ఏదో పక్కనామెతో అని, నాకు తెలుగులో చెప్పింది.

"మేడం, మా అమ్మీ రాగిరొట్టెలే తినేది. అప్పుడు దాన్ని పేదోళ్ల తిండి అనేవాళ్లు. బియ్యం ఇస్తాం తినండి అన్యారు, మేం అలవాటు పడితిమి. ఇప్పుడు రాగులు తినల్లంటారు. బియ్యం ఊరికే వస్తాండాది, రాగులు అంగట్లో కొనల్ల. ఊరికే వచ్చేదాన్ని పారేసి, లేని డబ్బుతో అది యాడ తెచ్చేది?"

అప్పుడప్పుడు రేషన్లో రాగులు కూడా ఇస్తారు కదా అన్నాను.

"అప్పుడప్పుడు షుగరు ఉంటే అప్పుడప్పుడు తింటా మేడం," అంది.

షెడ్డులో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత ఏడాదికి ఆమె కాలి వేలు తీసేశారని విన్నాను. చూసేదానికి పోయాను. ఆమె మంచం మీద కూర్చుని, నేను ఏమీ అడగకముందే, "తగ్గించినాను మేడం, అన్నం తగ్గించినాను," అంది చిన్నపిల్లలాగ. తానేదో తప్పు చేసినట్టు చెప్పుకుంది. అదే నాకు అన్నిటికంటే భరించరానిదిగా అనిపించింది. ఇన్నేళ్లు మేం చెప్పిన మాటలు కంచం నింపలేదు సరిగదా, కంచం ఖాళీగా ఉండటం తమ తప్పేనని వాళ్లను నమ్మించాయి.

కొత్తవాళ్లకు

ఇప్పుడు మీకు చెప్పగలిగింది కొంచెమే. ఇంట్లోకి పోగానే బొమ్మ విప్పొద్దు. పొయ్యి మీద ఏముందో చూడండి, ఎవరు ముందు తింటారో, ఎవరు చివర తింటారో చూడండి. అత్తను తిట్టొద్దు, ఆమె కూడా చివర తిన్న కోడలే. చేయలేని సలహా ఇచ్చి వాళ్ల చేత 'అట్లే' అనిపించుకోవద్దు. వండిపెట్టే కేంద్రం మూతపడుతుంటే మాత్రం గట్టిగా అరవండి. మిగతా ఏ కార్యక్రమం పోయినా పర్వాలేదు.

ఇవన్నీ చేసినా పెద్దగా ఏమీ మారకపోవచ్చు. నాకు మారినట్టు కనపడలేదు.

మొన్న వచ్చిన అమ్మాయి పేరు హరిత. కుప్పం వైపు వేశారు. మిగతావాళ్లలాగా బస్సుల గురించి అడగలేదు. సూటిగా అడిగింది.

"మీరు ఇన్నేండ్లు చెప్పినారు గదా మేడం. చెప్పిందాన్ని బట్టి జనం తిండి మారిందా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "లేదమ్మా," అన్నాను.

ఆ పిల్ల కాఫీ గ్లాసు చేతిలో అట్లాగే పట్టుకుని కూర్చుంది. "అట్లయితే చేరొద్దంటారా?"

 ఈ పుటలన్నీ రాసింది ఆ ప్రశ్నకు జవాబు కోసమేనేమో.

"చేరు. నువ్వు పోకపోతే ఆ ఇండ్లకు ఎవురూ పోరు. ఒకామె తింటాందో లేదో అడిగేదానికి కూడా మనిషి ఉండదు. నా దగ్గర ఇంతకంటే పెద్ద కారణం లేదు."

అది ఆమెకు సరిపోయిందో లేదో నాకు తెలియదు. గ్లాసు కింద పెట్టి, సంచి భుజానికేసుకుని, కుప్పం బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగింది.